గ్లవ్స్ వేసుకున్నామని రాసిన చెయ్యి

ఈ నెల నుంచి నా చెయ్యి మళ్ళీ నా మాట వింటోంది. అందుకే ఇది ఫోనులో టైపు చేయకుండా కాగితం మీద రాస్తున్నాను. మధ్యమధ్య అక్షరం జారుతోంది, జారనీ. ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు, ముఖ్యంగా "మాది పూలూ ఆకుల పనే కదా, మాకేమవుతుంది" అనుకునేవాళ్ళు చదవాలని నా కోరిక. ఇంకో కారణం కూడా ఉంది. నాకు కోపం తగ్గలేదు. కాగితం మీద పెడితే కాస్త కుదుటపడతానేమోనని ఆశ.

కొరాపుట్‌లో ఒక మొక్కల పరిశోధన కేంద్రంలో పని చేస్తున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. కొండల మీద నుంచి తెచ్చిన మొక్కల్ని అద్దుడు కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టడం, పురుగు పట్టకుండా మందులో ముంచి మళ్ళీ ఆరబెట్టడం, అట్ట మీద కుట్టి, కింద చీటీ మీద మొక్క పేరు, దొరికిన ఊరు, తేదీ రాసి బీరువాలో పెట్టడం మా గది పని. ఆ మందులో ఉండేది పాదరసం ఉప్పు. స్పిరిట్‌లో కలిపాక మంచినీళ్ళలాగే ఉంటుంది. సీసా మీద పుర్రె బొమ్మ ఉంది. రోజూ చూసి చూసి అది మాకు గోడ మీద క్యాలెండరులా అయిపోయింది.

గదిలో ఇద్దరమే. నేనూ, సుబర్ణా. ఆమెది లక్ష్మీపూర్ దగ్గర ఊరు, ఇంట్లో మాట్లాడేది దేశియా, ఈ కొండల ఒడియా యాస. నాతో వచ్చీరాని తెలుగు మాట్లాడుతుంది, నేను ఆమెతో వచ్చీరాని దేశియా. నన్ను "అపా" అంటుంది, అక్కా అని. ముంచడం ఆమె పని. కుట్టడం, రాయడం నాది. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదే నా చేతిరాత చూసి. గుణుపురం బళ్ళో చదివేటప్పుడు మా మాస్టారు నా నోటుబుక్కు పక్క తరగతికి పంపి చూపించేవారు. ఆ గొప్ప నాకు ఇప్పటికీ ఉంది.

గ్లవ్స్ ఉన్నాయి. లేవని ఎవరూ అనలేరు. మా పనంతా చూసే సార్ గదిలో, తాళం వేసిన బీరువాలో, డబ్బా విప్పకుండా ఉండేవి. పై నుంచి ఎవరైనా చూడటానికి వస్తే బయటికి వచ్చేవి. ఒకసారి పట్టుబట్టి తెచ్చుకున్నాను. మగవాళ్ళ చేతుల కొలత. వాటితో పూరేకు సర్దబోతే పువ్వంతా చేతికి వచ్చేసింది. మర్నాడు తిరిగి ఇచ్చేశాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇక రిజిస్టరు. రోజూ ఎవరు ఏ మందు ముట్టుకున్నారు, గ్లవ్స్ వేసుకున్నారా, మాస్కు పెట్టుకున్నారా, గాలి బయటికి లాగే ఫ్యాను వేశారా అని గడులు. ఎవరి గడి వాళ్ళు నింపి సంతకం చేయాలి. మా దగ్గర నెలాఖరు శనివారం టీ తాగాక నేనొక్కదాన్నే కూర్చుని నెలంతా నింపేసేదాన్ని. అవును, అవును, అవును. సుబర్ణ గడిలో ఆమె పేరు కూడా నేనే పెట్టేదాన్ని. చేతిరాత బాగుంటుంది కాబట్టి ఆ పని నాకిచ్చారు, మురిసిపోయి చేశాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

కిందటేడు దసరా సెలవులు అయ్యాక వరండాలో ఉండే ఆరబెట్టే పెట్టెను మా గదిలోకి తెచ్చారు. లోపల బల్బులు వెలుగుతుంటాయి, ఆ వేడికి మందులో తడిసిన మొక్కలు, కాగితాలు ఆరతాయి. వరండాలో మంచు దిగి ఏదీ ఆరడం లేదని మార్చారు. కొరాపుట్ చలి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి. పెట్టె వచ్చాక గది వెచ్చగా ఉండి మాకు సంబరం. ఫ్యాను కన్నంలోంచి మాత్రం ఈదురుగాలి కొట్టేది. ఒకరోజు పాత అట్ట కత్తిరించి ఆ కన్నానికి అడ్డం పెట్టి టేపు వేసేశాను. సార్ వచ్చి చూసి, "భలే ఉపాయం చేశారు రాణిగారూ" అన్నారు. ఏళ్ళ తరబడి మందు పీల్చిన అద్దుడు కాగితాలు ఆ పెట్టెలో వేడెక్కుతున్నాయి. కిటికీ మూసి ఉంది. మేము పక్కనే కూర్చుని డబ్బాలు విప్పి అన్నం తింటున్నాం.

మార్గశిరం వచ్చేసరికి నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. చిగుళ్ళు వాచాయి. టీ చేదు, అన్నం చేదు. మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం, అంటే గురువారం, మా ఇంట్లో పెద్ద పండగ. మేముండే సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఒడియా ఇళ్ళ ముందూ, మా ఇళ్ళ ముందూ పిండి ముగ్గులే. మూడో వారం నేను గుమ్మంలో లక్ష్మీదేవి పాదాలు వేస్తుంటే గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ వేశాను, మళ్ళీ వంకర.

మా అత్త వెనక నుంచి చూసి, "సలికి సెయ్యి కొంకర్లు పోనాది గావాల. ఇటివ్వమ్మా, నానేస్తాను" అంది.

అంతే, గిన్నె నేలకేసి కొట్టాను. పిండి గోడ దాకా చిమ్మింది. ఆవిడ గుడ్డ తెచ్చి నేల తుడిచింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతు పెంచింది లేదు. ఆ నెలలో మాత్రం రోజుకో గొడవ. ఉప్పు మీద, కుళాయి మీద, బస్సు కండక్టరు చిల్లర మీద. తర్వాత స్నానాలగదిలో ఏడ్చేదాన్ని. మా ఆయన వేణు, ఫ్యాక్టరీలో మిషను మీద పని చేస్తారు, మెత్తని మనిషి. ఆయన నాతో మాట్లాడే ముందు నా మొహం చూసి, మాట్లాడొచ్చా లేదా అని లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

సంక్రాంతి దాటాక సెలవు పెట్టి రాయగడలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. పది రోజులున్నాను. నాలుగో రోజుకి నోట్లో ఇనుము రుచి తగ్గింది. వారానికి చెయ్యి కొంత నిలబడింది. కొరాపుట్ తిరిగి వచ్చి పనిలో చేరిన పది రోజులకి మళ్ళీ మొదలు. ఇంకోసారి వెళ్ళాను, మళ్ళీ అదే వరస. ఇప్పుడు ఏ డాక్టరుకి చెప్పినా, "అబ్బ, ఎంత స్పష్టమైన గుర్తు" అంటారు. అప్పుడు దాన్ని చదివింది మా అమ్మ ఒక్కతే, అదీ తప్పుగా చదివింది.

"అమ్మీ, నీకు రోగమూ నేదు రొష్టూ నేదు. నా సేతి కూడు తింటే సెయ్యి నిలబడతాది, అక్కడికెల్తే వొణుకుతాది. ఆ ఇంట్లో ఏటవుతోందో సెప్పు. కడుపులో దాసుకోకు."

"ఏమీ అవటం లేదమ్మా."

"మరెందుకు వొణుకుతాది?"

జవాబు లేకపోవడమే నా నేరం అయింది. అమ్మ ఫోనులో మా అత్తని నిలదీసింది. అత్త ఫోను పెట్టేసి వంటింట్లో నిలబడి, "నానేటి సేసేనమ్మా? ఎప్పుడైనా నిన్నొక్క మాటన్నానేటి?" అని అడిగింది. నేను లేదని చెప్పాలి కదా, చెప్పలేదు. తలుపు వేసుకున్నాను. ఈ జబ్బులో నేను సిగ్గుపడేవి చాలా ఉన్నాయి, అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది ఆ తలుపుకే.

ఫిబ్రవరి, మార్చి ఆసుపత్రి బెంచీల మీద గడిచాయి. చిగుళ్ళకి పళ్ళ డాక్టరు. వణుక్కి థైరాయిడ్ పరీక్ష. చిరాక్కి నిద్రమాత్ర. ప్రతి చోటా చీటీ రాసే కౌంటరు దగ్గర పేరు, వయసు అడిగేవారు. ఉద్యోగం అనే గడిలో మాత్రం అడగకుండానే "గృహిణి" అని రాసేసేవారు. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి, "నేను ఉద్యోగం చేస్తానండీ" అన్నాను. "పరవాలేదు మేడమ్, చీటీకేం తేడా రాదు" అన్నాడు కౌంటరులో ఆయన. మూడోసారి నోరు మెదపలేదు. మూడు చీటీలూ దాచుకున్నాను. నన్ను చంపబోయినదాని పేరు ఆ గడిలో ఉండాలి, మూడుసార్లూ అక్కడ "గృహిణి" అని మా ఇంటినే రాశారు. అమ్మ వేసిన నింద కూడా అదే కదా!

బెంచీల మీద మంచివాళ్ళు లేకపోలేదు. ఒక ముసలాయన నా చేతిలో టీ ఒలుకుతుంటే తన గ్లాసు గబగబా తాగేసి, ఆ ఖాళీ గ్లాసులోకి నా టీ సగం వంపి ఇచ్చాడు. సగం గ్లాసయితే ఒలకదు. ఆయనకీ చేతులు వణుకుతున్నాయి, అందుకే తెలుసు.

ఏప్రిల్‌లో కొరాపుట్‌లోనే ఒక కుర్ర డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చీటీలో నా పేరు తప్పు పడింది, సరిగ్గా రాయమని కలం ఇచ్చింది. నేను రాస్తుంటే చేతినే చూస్తూ కూర్చుంది.

"ఏం పని చేస్తారు మీరు?" అంది.

ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. చెప్పాను. మొక్కలు, కాగితాలు, మందు. ఏ మందు అని అడిగింది. చెప్పగానే కలం కింద పెట్టేసి, "అది విషమండీ, ఊపిరితో కూడా ఎక్కుతుంది" అంది. వేణు ఆవిడ మొహం చూసి నా వైపు తిరిగారు.

"నా మిషను కాడ కళ్ళజోడు లేకండా నేల మీద పచ్చగీత దాటితే ఎనక్కి తోలేస్తారు. మీ విషం కాడ ఏటీ నేదా? ఒక్క రోజైనా నాకు సెప్పేవా?"

చెప్పలేదు. చెప్పేంత విషయమని నాకే తెలియదు. మొక్కల పని అనే చెప్పేదాన్ని.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. ఈ చిరాకు, ఏడుపు, మనుషుల్ని చూస్తే దాక్కోవాలనిపించడం కూడా ఆ విషం పనేనట. నాకు ఆ బల్ల మీదే ఏడుపు వచ్చింది. ఇంటికి వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ సగమే అర్థం చేసుకుంది. "అయితే నా వల్ల కాదన్నమాట" అని, లేచి మా అమ్మకి ఫోను చేసి అదే మాట మూడుసార్లు చెప్పింది. ఆ సంతోషంలో నాకు విషం ఎక్కిందన్న సంగతి చెప్పడం మరిచిపోయింది.

మూత్రం పరీక్షకి విశాఖపట్నం పంపారు. జవాబు వచ్చేదాకా రోజులు కదల్లేదు. ఈలోగా డాక్టరమ్మ, ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పమంది. నాకు నిన్న తిన్న కూరే గుర్తు లేదు. అప్పుడు తోచింది, నేను మరిచిపోయినా బీరువాలు మరిచిపోవు. ప్రతి చీటీ మీదా తేదీ ఉంది, ఆ రోజు నా చేతిరాత ఉంది. సుబర్ణకి ఫోను చేశాను. ఆమె ఫోనుతో చీటీల ఫొటోలు తీసి వరసగా పంపింది. చీటీల మీద ఉండేది ఇంగ్లీషు, ఆమెకి అది రాదు, కానీ నాకంటే ముందే కనిపెట్టింది.

"అపా, దసరా దాకా అక్షరం నిలబడి ఉంది. పెట్టె వచ్చింది కదా, తర్వాత నుంచి చలి పట్టింది అక్షరానికి."

నిజమే. దసరా ముందు ముత్యాలు. దీపావళికి అక్షరాల చివర తోకలు వచ్చాయి. మార్గశిరానికి కోడి కెలికినట్టు. రాయగడ వెళ్ళొచ్చిన వారంలో కాస్త బాగు, మళ్ళీ కెలుకుడు. మా అమ్మ చెప్పిన మాటే, బీరువా సరిగ్గా చెప్పింది.

పరీక్షలో పాదరసం చాలా ఎక్కువగా తేలింది. విశాఖలో చేరి, దాన్ని బయటికి తోసే మందు వేసుకున్నాను. అదేమీ పాయసం కాదు, ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. అక్కడ పడుకుని ఉండగా నాకు సుబర్ణే గుర్తొచ్చేది. నేను కాగితాల పక్కన కూర్చున్నదాన్నే, ఆమె మోచేతి దాకా ముంచేది. ఈమధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి, చెప్పు పట్టడం లేదు అంది ఒకసారి. డాక్టరమ్మతో చెబితే, ఆమెకీ వెంటనే పరీక్ష చేయించాలి, మీ పరిశోధన కేంద్రమే పంపాలి, మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది అంది. నేను సార్‌కి ఫోను చేశాను.

సార్ వాళ్ళది కోస్తా నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మాట చాలా మర్యాద.

"సుబర్ణకి అవసరం లేదు రాణిగారూ. రిజిస్టరు తీసి చూశాను. ఏడాది పొడుగునా ఆవిడ గ్లవ్స్ వేసుకున్నట్టే ఉంది. మీరూ వేసుకున్నట్టే ఉంది. మీరే రాశారు కదా?"

"అది మనందరికీ తెలిసిందే కదండీ. ఎలా రాసేవాళ్ళమో..."

"తెలియడం వేరు, రికార్డు వేరు. మీరు విశ్రాంతి తీసుకోండి. ఈ జబ్బులో కోపం కూడా ఎక్కువ వస్తుందట కదా, డాక్టరుగారు కాగితంలో రాశారు."

నా జబ్బుని నా నోటికి అడ్డం పెట్టారు. అంతకంటే ఘోరం, నా చేతిరాతని సుబర్ణ పరీక్షకి అడ్డం పెట్టారు. ఎవరో రాసిన అబద్ధమైతే తిట్టుకునేదాన్ని. ఆ అందమైన "అవును"లు నావి.

ఆమెకి పరీక్ష జరగాలంటే దారి ఒక్కటే. రిజిస్టరు అబద్ధమని, రాసింది నేనేనని సంతకం పెట్టి పై ఆఫీసుకి పంపాలి. ఉద్యోగం పోవచ్చు. వేణు రెండు రోజులు ఇంటి ఖర్చులు లెక్క చూసుకున్నారు. మూడో రోజు, "పోతే పోనీ. ఆ పిల్ల కాళ్ళు వాస్తన్నాయంటన్నావు గదా" అన్నారు. టైపు చేయిస్తానన్నారు. వద్దన్నాను. ఆ వణికే చేత్తోనే నాలుగు వాక్యాలు రాశాను, నాలుగు కాగితాలు పాడయ్యాయి. చీటీల ఫొటోలు వెనక కుట్టాను. ఫ్యాను కన్నానికి అట్ట పెట్టింది నేనేనని కూడా రాశాను, మా అత్త వద్దంటున్నా.

తర్వాత పై ఆఫీసు నుంచి ముగ్గురు మనుషులు వచ్చి చూశారట. అట్ట తీశారు. పెట్టె వరండాకి పోయింది, పాత కాగితాలు సంచుల్లో మూటగట్టి ఎక్కడికో పంపారు. సుబర్ణకి పరీక్ష జరిగింది. పాదరసం ఉంది, నా అంత కాదు. మూత్రపిండాలకి అప్పటికే సోకింది, సకాలంలో కనిపెట్టామన్నారు. ఆమెని కొన్నాళ్ళు వేరే పనికి మార్చారు. ఇప్పుడు చెప్పు పడుతోంది.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. డాక్టరు అడక్కపోయినా మీ పనేమిటో చెప్పండి, ఏ సీసా ముట్టుకుంటారో పేరుతో చెప్పండి. సెలవులో తగ్గి, పనిలో చేరగానే పెరిగే జబ్బయితే ఇంట్లోవాళ్ళని అనుమానించే ముందు పనిగదిని అనుమానించండి. వేరేవాళ్ళ గడిలో వాళ్ళ సంతకం మీరు పెట్టకండి.

ఉద్యోగం పోలేదు, మొన్న మళ్ళీ పనిలో చేరాను. వానలు మొదలయ్యాయి, గదిలో ముక్కిన వాసన. సుబర్ణ మళ్ళీ మందు తొట్టి దగ్గరే ఉంది, ఉత్త చేతులతో. గ్లవ్స్ చిన్న కొలతవి ఒక డబ్బా వచ్చిందట, జూన్‌లో ఒడియావాళ్ళ రజ పండక్కి అయిపోయిందట. అడిగితే వస్తున్నాయన్నారట.

అప్పుడే సార్ రిజిస్టరు పట్టుకుని వచ్చారు. "మీరు లేని నెలలు ఖాళీగా ఉండిపోయాయి రాణిగారూ. వచ్చే వారం తనిఖీ. మీ చేతిరాత మళ్ళీ బాగుపడిందటగా" అని నవ్వుతూ బల్ల మీద పెట్టారు.

కూర్చున్నాను. సుబర్ణని అడిగి, గ్లవ్స్ ఉన్న రోజులకి ఉన్నాయని రాశాను. అయిపోయిన రోజు నుంచి ఒక్కో గడిలో "లేవు" అని రాస్తూ వచ్చాను. అక్షరాలు నిలబడ్డాయి. సార్ వంగి చూశారు.

"మీకింకా పూర్తిగా తగ్గినట్టు లేదమ్మా" అన్నారు.

సంచిలోంచి విశాఖ రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టాను. పాదరసం మామూలు స్థాయికి వచ్చిందని అందులో ఉంది.

"పూర్తిగా తగ్గిందండీ. ఈ కోపం నాది" అన్నాను.

సంతకాల గడి దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా సుబర్ణ పేరు మొదలుపెట్టబోయాను. ఆమె చేతులు కడుక్కుని, పైటకి తుడుచుకుని వచ్చి నా వేళ్ళలోంచి కలం తీసుకుంది. "నాది నేను పెడతాను, అపా" అని, నిలబడే, ఒడియాలో తన పేరు మెల్లగా రాసింది. పెద్ద అక్షరాలు, గడి చాలక పక్క గడిలోకి వెళ్ళాయి. అది నా సంతకం గడి. నేను కింద ఉన్న కాస్త చోటులో పెట్టాను.